ఇంట్లో మనిషి మారిపోతున్నట్టు అనిపిస్తే ఏం చేయాలి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేటకు దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను దాటాక మా చిన్నాన్న తోటలోకి వెళ్లి నిలబడి ఉన్న కొబ్బరి చెట్లు లెక్కపెట్టుకున్నాడు. రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. మళ్లీ మొక్క వేస్తే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. ఆ తర్వాత మూడు నెలల్లో ఆయనలో ఏమేం మారాయో ఇప్పుడైతే వరసగా చెప్పగలను. సాయంత్రం టీకొట్టు దగ్గరకు వెళ్లడం మానేశాడు. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో కూర్చునేవాడు. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి కంచంలో సగం వదిలేసి లేచిపోయేవాడు. సంక్రాంతికి వారం ముందు చేతి వాచీ తీసి మా తమ్ముడికి పెట్టాడు. ఆ వారమంతా ముఖం తేటగా ఉంది. చిన్నాన్న తేరుకున్నాడని మేమంతా సంబరపడ్డాం. పండక్కి ఆయన లేడు.

తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎలా అన్నది ఇక్కడ రాయను. దాంతో ఎవరికీ పని లేదు. పోకముందు మూడు నెలలు ఆయన మాతో ఏం చెబుతున్నాడో, దాన్ని మేము ఎందుకు చదవలేకపోయామో, అలాంటిది మీ ఇంట్లో కనబడితే ఆ రోజే ఏం చేయాలో, అది రాస్తాను.

ముందుగా ఒక మాట. మీరు ఇది చదువుతున్నది మీ గురించే అయితే, చనిపోవాలన్న ఆలోచన మీకే వస్తుంటే, కింద ఉన్నదంతా తర్వాత చదవండి. ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, ప్రభుత్వ ఉచిత సేవ. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత ఇంట్లోనో పక్కింట్లోనో ఒక మనిషి దగ్గరకు వెళ్లి కూర్చోండి. ఏం చెప్పాలో తెలియకపోతే 'నన్ను కాసేపు ఒంటరిగా వదలొద్దు' అని ఒక్క మాట అనండి, చాలు. ఈ ఆలోచన అల లాంటిది. లేచినప్పుడు అదొక్కటే ప్రపంచం అనిపిస్తుంది, కానీ ఆ ఉధృతి ఎప్పటికీ అలాగే ఉండదు. అది దిగేదాకా పక్కన ఒక మనిషి ఉండాలి.

మొదట, 'ఎందుకు' అన్న ప్రశ్నకు ఒకే జవాబు వెతకడం మానండి

ఎవరైనా పోయారంటే ఊళ్లో మూడు రోజుల్లో ఒక కారణం ఖాయం చేసేస్తారు. అప్పు అంటారు, ఇంటర్ తప్పాడంటారు, మొగుడూపెళ్లాల గొడవంటారు. పోలీసు లెక్కల్లోనూ ఒక గడిలో ఒక కారణమే పడుతుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఇలా ప్రాణం తీసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెప్పాయి. కుటుంబ సమస్యలు, జబ్బులు అనే రెండు గడుల్లోనే సగం మంది ఉన్నారు. అయితే 'కుటుంబ సమస్య' అని రాసినచోట ఆ మనిషికి ఎన్నాళ్లుగా నిద్ర లేదో, ఎంత తాగుతున్నాడో, అంతకుముందు తలకు దెబ్బేమైనా తగిలిందో ఎవరు రాస్తారు?

మా చిన్నాన్నకు తోట పోయింది నిజమే. ఆ రోజు మా ఊళ్లో తోట పోనివాడు ఎవడు? మిగతా వాళ్లు ఏడ్చారు, తిట్టుకున్నారు, నష్టపరిహారం కోసం తిరిగారు, మళ్లీ మొక్కలు వేశారు. చిన్నాన్నకు అంతకు నాలుగేళ్ల ముందు ఒకసారి ఆరు నెలలపాటు ఇలాగే దిగులు పట్టుకుంది, దానంతటదే పోయింది. మా తాతగారి అన్నయ్య కూడా ఇలాగే పోయారని నాకు తర్వాతే తెలిసింది. తుపాను రాకముందే చిన్నాన్న రోజూ తాగుతున్నాడు. ఇవన్నీ ఒక చోట చేరాయి. తుపాను ఆఖరి బరువు.

కాబట్టి మీరు చూడాల్సింది ఇది: ఈ మనిషి మీద ఇప్పటికే ఎన్ని బరువులున్నాయి? ఇదివరకు ఒకసారి ప్రయత్నించి బతికారా? అన్నిటికన్నా పెద్ద బరువు అదే. 'ఒకసారి చావు చూసినోడు మళ్లీ చెయ్యడు' అని మన దగ్గర ఒక మాట ఉంది, అది తప్పు. రక్తసంబంధీకుల్లో ఎవరైనా ఇలా పోయారా? మందు తాగుడు, ఎన్నాళ్లకూ తగ్గని నొప్పి, అప్పు, లోన్ యాప్ వాళ్ల బెదిరింపులు, ఇంట్లో కొట్టడం, ఊళ్లో పరువు పోయిందన్న బాధ, ఒంటరితనం, ఇవన్నీ బరువులే. మా ఉద్దానంలో ఇంకొకటుంది, కిడ్నీ జబ్బు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ వైపు వెళ్లినా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే ఇళ్లు ఉన్నాయి. ఆ రోగికి ఒంట్లో నీరసం, దురద, నిద్ర పట్టకపోవడం, ఇంటికి బరువైపోయానన్న ఆలోచన, అన్నీ కలిసే ఉంటాయి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో ప్రతిసారీ అడుగుతాం. మనసెలా ఉందని ఒక్కసారీ అడగం.

మెదడు కూడా ఒంట్లో ఒక అవయవమే

ఈ ముక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా ఇంట్లో మేము పోగొట్టుకున్నది ఇక్కడే. 'మనసు గట్టి చేసుకో' అని చిన్నాన్నకు రోజుకొకరు చెప్పాం. కాలు విరిగినవాడికి గట్టిగా నడవమని చెప్పినట్టే అది.

నుదుటి వెనక ఉండే ముందుమెదడు బండికి బ్రేకు లాంటిది. ఆగి ఆలోచించడం, ఈ రోజు దాటితే రేపు వేరుగా ఉండొచ్చని ఊహించుకోవడం దాని పని. లోపల భయాన్ని, బాధను మోగించే భాగం వేరే ఉంది. టెన్షన్ నెలల తరబడి తగ్గకపోతే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువై లోపలి గంట ఆగకుండా మోగుతుంది, బ్రేకు అరిగిపోతుంది. సెరటోనిన్ లాంటి రసాయనాల పనితీరు కూడా దెబ్బతింటుంది. అప్పుడు మనిషికి దారులు కనబడవు. పక్కవాడికి నాలుగు దారులు కనబడుతుంటే అతనికి ఒక్కటే కనబడుతుంది. అది అతని పిరికితనం వల్ల కాదు. నిద్రలేమి దీన్ని ఇంకా పెంచుతుంది. మందు తాగితే ఉన్న కాస్త బ్రేకూ పోతుంది. కుర్రాళ్లలో ముందుమెదడు పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వస్తాయి. పరీక్ష ఫలితాల రోజు సాయంత్రం పదిహేడేళ్ల గుంటడిని ఒంటరిగా గదిలో వదలొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మెదడుకు, ఒంటికి వచ్చే కొన్ని జబ్బులు నేరుగా ఈ దిగులును తెస్తాయి. బండి మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలి, గాయం మానాక కొన్ని నెలలకు మనిషి చిరాకుగా, ముభావంగా మారడం చూసే ఉంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. ఫిట్స్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు మామూలు వాళ్లకన్నా ఎక్కువ. ఫిట్స్‌కు వాడే కొన్ని మాత్రలు, స్టెరాయిడ్లు కొందరి మూడ్‌ను మార్చేస్తాయి. అలా అనిపిస్తే మాత్ర మానేయకండి, రాసిన డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా మనిషి మందకొడిగా, దిగులుగా తయారవుతారు. అది రక్తపరీక్షలో తెలిసిపోతుంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, చచ్చిపొమ్మంటున్నారని ఎవరైనా చెబితే దాన్ని గాలి అనో చిల్లంగి అనో అనుకుని రోజులు గడపొద్దు. ఎజ్జోడి (మంత్రం వేసేవాడి) దగ్గరకు వెళ్తామంటే వెళ్లండి, మీ నమ్మకాన్ని నేను కాదనను. కానీ అదే రోజు డాక్టరు దగ్గరకు కూడా వెళ్లండి.

బాలింత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత భయాలు చెబుతుంటే రేపటిదాకా ఆగొద్దు. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏం గమనించాలి

డాక్టరుకు జబ్బు తెలుసు, మీ మనిషి ఎలాంటివాడో తెలియదు. అది మీకే తెలుసు. అందుకే ఏడుపు కోసం చూడకండి, మార్పు కోసం చూడండి. ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాడు తక్కువ మాట్లాడితే అందులో ఏమీ లేదు. రోజూ నలుగురిని పోగేసి కబుర్లు చెప్పే మావయ్య రెండు వారాలుగా తలుపు వేసుకుంటే ఉంది. పూలు లేకుండా గడప దాటని వదిన తల దువ్వుకోవడం మానేస్తే ఉంది. నిద్ర, తిండి, స్నానం, పని, నలుగురితో కలవడం, ఈ ఐదింట్లో రెండు వారాలకు మించి రెండు మూడు మారాయంటే గుర్తుపెట్టుకోండి.

మాటలు వినండి. మన వైపు ఎవరూ 'ఆత్మహత్య' అన్న మాట వాడరు. 'నానుంటే ఏటి, నేకపోతే ఏటి' అంటారు. 'మీకు బరువైపోనాను' అంటారు. 'ఇంక ఎన్నాళ్లులే' అని నవ్వుతూ అంటారు. 'పిల్లల్ని నువ్వే చూసుకోవాలొదినా' అంటారు. వీటిని 'ఛ, అలాంటి మాటలనకు' అని తీసిపారేస్తాం. చెప్పేవాళ్లు చెయ్యరనేది అబద్ధం. పోయినవాళ్లలో చాలామంది ఏదో రూపంలో ముందే చెప్పి ఉంటారు.

చేతల్లో కనబడేవి ఇంకా బరువైనవి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఉన్నట్టుండి అప్పులన్నీ తీర్చేయడం, బీమా కాగితాలు, పాస్‌బుక్కులు ఎక్కడున్నాయో చూపించడం, దూరపు చుట్టాలకు ఫోన్ చేసి క్షమాపణ అడగడం, ఎప్పుడూ లేనిది పొలం మందు గురించో మాత్రల గురించో ఆరా తీయడం. అన్నిటిలోనూ మమ్మల్ని మోసం చేసింది ఆ తేటముఖం. వారాల తరబడి కుంగిపోయిన మనిషి, ఏ కారణమూ లేకుండా, ఏ వైద్యమూ లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనబడితే నిర్ణయం తీసేసుకుని ఉండొచ్చు. సంబరపడకండి, ఆ రోజే అడగండి.

వలస వెళ్లినవాళ్ల సంగతి వేరు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో మగవాళ్లు ఫోన్‌లోనే ఉంటారు. హైదరాబాదులో కట్టడం పనుల్లోనో, చెన్నైలోనో, గుజరాత్ వీరావల్‌లో పడవల మీదో ఉంటారు. ముఖం కనబడదు కాబట్టి ఫోన్ అలవాటును గమనించండి. రోజూ చేసేవాడు వారానికోసారి చేస్తున్నాడా? డబ్బు గురించి తప్ప ఏమీ మాట్లాడటం లేదా? పిల్లల గొంతు వినాలని మాటిమాటికీ అడిగి, విని ఏమీ అనకుండా పెట్టేస్తున్నాడా? పక్కన పనిచేసే మన ఊరివాళ్ల నంబరు ఒకటి ముందే దగ్గర ఉంచుకోండి. 'ఓసారి వాడి గదికెళ్లి చూసి రా బాబూ' అనడానికి ఒక మనిషి కావాలి.

తిన్నగా అడగండి

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అలా జరగదు. ఉన్న ఆలోచన బయటికి రావడానికి దారి దొరుకుతుంది, అంతే. ఇలా అడగడం నేను చిన్నాన్న పోయిన చాలా రోజులకు నేర్చుకున్నాను.

మా పక్కింటి అప్ప (అక్కను మేమలాగే పిలుస్తాం) భర్తకు డయాలసిస్. నాలుగు నెలలుగా ఆమె మునుపటి మనిషిలా లేదు. ఒక సాయంత్రం వాళ్ల అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. కాసేపయ్యాక, 'అప్పా, బాగా అలసిపోయావు. ఇంతలా అలసిపోయినప్పుడు కొందరికి చచ్చిపోతే బాగుణ్ననిపిస్తుందట. నీకూ అలా అనిపిస్తోందా?' అన్నాను. నా గుండె నాకే వినబడింది. ఆమె చేతులు ఆగలేదు. రెండు మూడు రాళ్లు తీసి పక్కన పెట్టింది. 'మొన్న సోమవారం అనిపించినాదమ్మా' అంది.

రోజుతో సహా చెప్పింది. ఎవరూ అడగలేదు, అంతవరకూ చెప్పలేదు.

మీరూ అలాగే అడగండి. నలుగురిలో వద్దు. చేతిలో ఏదో పని పెట్టుకుని, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని అడిగితే మన మగవాళ్లు కూడా మాట్లాడతారు. 'అఘాయిత్యం ఏమీ చేసుకోవు కదా?' అని అడగొద్దు. ఆ ప్రశ్నకు 'లేదు' అనే జవాబే వస్తుంది. 'చనిపోవాలనిపిస్తోందా?' అనండి. అవునంటే ఉలిక్కిపడొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, పిల్లల ముఖం చూడమని తిట్టొద్దు. అప్పటికే ఆ మనిషిని నేనొక భారమన్న ఆలోచన తినేస్తోంది, తిట్టు దానికి తోడవుతుంది. 'ఎప్పటినుంచి?' అనండి. 'ఎలా చేయాలనైనా అనుకున్నావా? ఎప్పుడని అనుకున్నావా?' అని కూడా అడగాలి. ఎలా, ఎప్పుడు అనేవాటికి జవాబు ఉందంటే అది అత్యవసరం. 'ఎవరికీ చెప్పనని మాటివ్వు' అంటే ఇవ్వకండి. 'ఊళ్లో ఎవరికీ చెప్పను, నీకు సాయం చేసేవాళ్లకు చెబుతాను' అనండి.

ఆ రాత్రి చేయాల్సినవి

ఒంటరిగా వదలొద్దు. నిద్రలోనూ ఎవరో ఒకరు అదే గదిలో ఉండాలి. ఇంట్లో పొలం మందులు, ఎక్కువ మాత్రలు ఉంటే అదే పూట వేరే ఇంటికి చేర్చి తాళం వేయండి. చెప్పి చేయండి: 'కొన్నాళ్లు ఇవి మా దగ్గర ఉంటాయి' అని. చావాలన్న వేగం తరచూ కొద్దిసేపటిదే. ఆ సమయంలో చేతికి ఏదీ అందకపోతే చాలామంది బతుకుతారు, వేరే దారి వెతుక్కోరు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను 1990ల నుంచి ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. ప్రమాదకరమైనది చేతికి అందకుండా చేయడమే అక్కడ జరిగింది, మన ఇంట్లోనూ చేయాల్సింది అదే. తాగే మందు సీసా కూడా ఇంట్లో లేకుండా చూడండి.

ఏదైనా మింగేశారని అనుమానం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు. మనవైపు ఇది అలవాటు, ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. దొరికిన సీసా, అట్ట వెంట తీసుకెళ్లండి. బాగానే ఉన్నానంటున్నా సరే తీసుకెళ్లండి. కొన్నింటి ప్రభావం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

కేసవుతుందని చాలామంది ఆసుపత్రిలో అబద్ధం చెబుతారు, దాంతో వైద్యం ఆలస్యమవుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఇలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే వైద్యం, సంరక్షణ చూడాలి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి రాలేదు. పోలీసు వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు, అంతే. డాక్టరుకు నిజం చెప్పండి.

డాక్టరు దగ్గరకు

శ్రీకాకుళంలో రిమ్స్, విజయనగరంలో మెడికల్ కాలేజీ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. ఓపీ చీటీ దగ్గర 'సైకియాట్రీ' అని చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖలో వాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే ముందు మీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుతోనో, ఆశా అక్కతోనో మొదలుపెట్టండి. దారి కోసం 14416కి ఇంటివాళ్లు కూడా ఫోన్ చేయవచ్చు.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పటినుంచి మారారు, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఎంత తాగుతున్నారు, తలకు దెబ్బ, ఫిట్స్, థైరాయిడ్, కిడ్నీ, ఇప్పుడు వాడుతున్న మాత్రలు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా, ఆయన అన్న మాటలు అన్నట్టుగానే. రెండు నిమిషాల ఓపీలో ఈ కాగితమే మాట్లాడుతుంది. రక్తపరీక్షలు ఏమైనా అవసరమా అని మీరే అడగండి.

డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. వారానికే 'తగ్గలేదు' అని మానేస్తారు. నెలన్నరకు 'తగ్గిపోయింది' అని మానేస్తారు. రెండూ చేయొద్దు. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ల లోపు వాళ్లలో, అలజడి పెరగొచ్చు. దగ్గరుండి చూసుకోండి, పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని రోజుకు ఎంతో అంతే ఇవ్వండి.

ఇంటికి వచ్చాక

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి మూడు నెలలు అన్నిటికన్నా ప్రమాదకరం. ఊరివాళ్లు మొదటి వారం గుంపుగా వచ్చి 'ఎందుకిలా చేశావు' అని అడిగి వెళ్లిపోతారు. రెండో వారం ఎవరూ రారు. అడగడానికి వచ్చేవాళ్లను గడప దగ్గరే ఆపండి. రెండో వారం నుంచి వచ్చేవాళ్లను మీరే కుదుర్చుకోండి: ఒకరు పొద్దున్నే టీకి, ఒకరు సాయంత్రం నడకకు, ఒకరు ఆసుపత్రి తారీఖుకు తోడుగా. అప్పులవాళ్లతో మాట్లాడటం, బ్యాంకుకు వెళ్లడం లాంటివి ఇంకొకరు తీసుకోండి. మా చిన్నాన్న నష్టపరిహారం కాగితాలకు ఒక్కడే తిరిగాడు.

చూసుకునే మీకూ నిద్ర కావాలి. ఒక్కరే మోయొద్దు.

అప్ప మందులు వాడుతోంది. డయాలసిస్ రోజుల్లో వాళ్ల కొడుకు ఆటో మాట్లాడి బావను తీసుకెళ్తున్నాడు, ఆమె ఇంట్లో పడుకుంటుంది. నేను సోమవారం సాయంత్రాలు వెళ్తాను. మాత్రల డబ్బా చూపిస్తుంది. బియ్యం చేట తెచ్చి మధ్యలో పెడుతుంది. ఈ వారం అనిపించిందా అని అడుగుతాను, ఆమె చెబుతుంది.